ఎర్రబండ జిల్లా సముద్రం

ఎర్రబండ జిల్లాకు సముద్రం లేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. భూమి పుట్టినప్పుడు జరిగిన పంపకాల్లో ఆ జిల్లా వాటాకు బండరాళ్లు, వేరుశనగ చేలు, ఏడాది విడిచి ఏడాది కరువు వచ్చాయి. జనం కూడా దాని గురించి ఎప్పుడూ బాధపడలేదు. తాగే నీళ్లకే దిక్కులేని చోట ఉప్పునీళ్ల కోసం ఏడ్చే తీరిక ఎవరికుంటుంది?

బాధంతా కలెక్టరాఫీసుకు వచ్చింది. ఆ ఏడు రాజధానిలో ఎవరికో ఉన్నట్టుండి సముద్రం మీద ప్రేమ పుట్టి, 'నీలి ప్రగతి' అని ఒక పథకం పెట్టారు. పథకం అన్ని జిల్లాలకూ సమానంగా వర్తించాలనీ, సముద్రం లేదనే చిన్న కారణంతో ఏ జిల్లాకూ అన్యాయం జరగకూడదనీ నిర్ణయించారు. జిల్లాకొక తీరప్రగతి ప్రత్యేకాధికారిని వేశారు. ఎర్రబండకు వచ్చినాయన ప్రహ్లాదరావు గారు. సర్వీసంతా పట్టుపురుగుల శాఖలో గడిపిన మనిషి. సముద్రాన్ని క్యాలెండర్లో చూశాడు.

నెలనెలా వీడియో కాన్ఫరెన్సులో ఆయనకు తలంటు పోసేవారు.

"ఎర్రబండ! మీ తీరప్రగతి సున్నా దగ్గరే ఎందుకుంది?"

"సార్, మా జిల్లాకు సముద్రం లేదు సార్."

"నాకు కారణాలు వద్దు ప్రహ్లాదరావ్. ఫలితాలు కావాలి. పక్క జిల్లాలు చూడండి, ఎలా దూసుకుపోతున్నాయో."

పక్క జిల్లాకూ సముద్రం లేదు. అక్కడి అధికారి ఒక చెరువుగట్టు మీద కొబ్బరిచెట్లు నాటి, 'ప్రాథమిక తీరం' అని చెప్పి పది శాతం ప్రగతి చూపించాడు. ప్రహ్లాదరావు గారికి అంత ఊహాశక్తి లేదు. ఆయన నిజాయితీపరుడు. ఆయన కష్టాలకు మూలం అదే.

ఇక ఓబులేసు సంగతి. ఓబులేసు అదే ఊళ్లో భూగర్భజలాల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. జిల్లాలో భూమి అడుగున జలాలు లేనందువల్ల ఆఫీసులో పని ఒత్తిడి తక్కువ. ఒకసారి సర్కారు ఖర్చులిచ్చే ఎల్టీసీ మీద భార్య సుంకమ్మతో అండమాన్ వెళ్లి, అడుగున అద్దమున్న పడవలో కూర్చుని పగడాల తోట చూశాడు. సుంకమ్మ ఆ పడవలో కూర్చున్నంతసేపూ వాంతులు చేసుకుంది. ఓబులేసు మాత్రం పోయినవాడు పోయినట్టు తిరిగి రాలేదు. కూడు తింటున్నా, ఫైలు చూస్తున్నా, కళ్ల ముందు ఆ ఆకుపచ్చ, ఆ గులాబిరంగు ఊగుతూనే ఉండేవి.

ఇంట్లో పగడాలు పెంచేవాళ్లు ఉన్నారనీ, దానికి సామాన్లు అమ్మే కంపెనీలు ఉన్నాయనీ తెలుసుకున్నాడు. ధరలు చూసి కళ్లు తేలేశాడు. తేలేసిన కళ్లు దించుకుని, అన్నీ తనే చేసుకుందామని కూర్చున్నాడు. హాల్లో నాలుగడుగుల అద్దాల తొట్టి లేచి, సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లతో నిండింది. నీళ్లలోని జిడ్డును నురగ చేసి బయటికి తోసే యంత్రం ఒకటి కావాలట. డ్రైనేజీ పైపు ముక్క తీసుకుని, దాని అడుగున మన రైతులు డ్రిప్పులో ఎరువు కలపడానికి వాడే వెంచురీ బిగించాడు. అది గాలి పీల్చి బుసబుసా నురగ కక్కింది. ఆ నురగ పట్టడానికి పైన పెరుగు డబ్బా. పగడం ఒళ్లు గట్టిపడాలంటే సున్నం కావాలట. తాంబూలం సున్నాన్ని ఊరగాయ జాడీలో కలిపి, తేరిన నీటిని సెలైన్ గొట్టంతో చుక్కచుక్కగా తొట్టిలోకి వదిలాడు.

"మా యమ్మకు కూడా ఇంత నేమంగా వక్కాకు ఇయ్యలేదు నేను," అంది సుంకమ్మ.

అన్నిటికన్నా గొప్పది అల. పగడానికి నిలవ నీళ్లు పనికిరావు. ఓబులేసు ఒక పాత పెయింటు బకెట్టును తొట్టికి ఎగువన పలక మీద నిలబెట్టాడు. దాని లోపల లెట్రిన్ ఫ్లష్ ట్యాంకులోని సామాను అమర్చాడు. చిన్న మోటారు తొట్టిలోని నీటిని బకెట్టులోకి ఎక్కిస్తూ ఉంటుంది. తొట్టిలో నీళ్లు మెల్లగా దిగుతాయి. బకెట్టు నిండగానే మొత్తం ఒక్కసారిగా భడాలున వచ్చి పడుతుంది. నీళ్లు ఉరికి, అద్దానికి కొట్టుకుని, మళ్లీ పైకి లేస్తాయి. కొత్తగా వచ్చిన చుట్టాలు కాఫీ ఒలకబోసుకునేవారు.

ఆ తొట్టిలో, పెంపకం తోట నుంచి తెప్పించిన వేలిగోరంత పగడం ముక్క పెరిగి పెరిగి గుప్పెడైంది. తెల్ల చారల ఎర్ర చేపలు రెండు దాని చుట్టూ తిరిగేవి. మొదట్లో ఈ గోలంతా తిట్టిపోసిన సుంకమ్మే వాటికి 'మా ఎర్రోళ్లు' అని పేరు పెట్టి, వంట చేస్తూ చేస్తూ వచ్చి పలకరించి పోయేది. పిల్లలు లేని ఇంట్లో పలకరించడానికి ఎవరైనా ఉంటే మంచిదే కదా.

పగడానికి శత్రువు ఎర్రబండ ఎండ కాదు. ఎండకు తడి గోనెసంచి, టేబుల్ ఫ్యాను సరిపోయాయి. శత్రువు కరెంటు కోత. మోటార్లు ఆగితే నీళ్లలో గాలి తగ్గిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. పగడం ముడుచుకుంటుంది. ఇంకా ఆలస్యమైతే ఇక విచ్చుకోదు. ఓబులేసు ఆటో బ్యాటరీలు పెట్టి చూశాడు. అవి సగం పూట కూడా నిలవలేదు. వేసవి వచ్చి కోతలు ముదిరేసరికి అతనికి నిద్ర పట్టడం మానేసింది. వీధి వెనక నుంచే ఆస్పత్రి లైను పోతోంది. దానికి కోత ఉండదు. దాంట్లోంచి ఒక్క తీగ ఇప్పించుకుంటే చాలు. ఓబులేసు జీవితంలో ప్రభుత్వాన్ని అడిగిన కోరిక అదొక్కటే.

కరెంటాఫీసులో ఏఈ మద్దిలేటి మంచివాడే. "ఆస్పత్రి లైను ప్రాణాలు కాపాడేదానికప్పా. నీ ఇంట్లో ఎవురికి ప్రాణం మీదికొచ్చింది?" అన్నాడు.

ఇక్కడే ఓబులేసు పొరపాటు చేశాడు. తను కూడా ఆఫీసు మనిషే కాబట్టి, చిన్నమాట చెబితే పని జరగదని అతనికి తెలుసు. తొట్టి అంటే నవ్వుతారు, చేపలంటే వండుకోమంటారు. అందుకని గొంతు సవరించుకుని, "సముద్ర జీవరాశికి సార్. మా ఇంట్లో సముద్రం ఉండాది," అన్నాడు.

మద్దిలేటి కడుపు పట్టుకుని నవ్వి, ఆ సాయంత్రం సమీక్షా సమావేశంలో అందర్నీ నవ్విద్దామని ఈ మాట చెప్పాడు. అందరూ నవ్వారు. ప్రహ్లాదరావు గారు నవ్వలేదు. లేచి నిలబడ్డారు.

"ఏ వీధి?" అన్నారు.

మరునాడు పొద్దున్నే జీపు వచ్చింది. ప్రహ్లాదరావు గారు, ఒక సర్వేయరు, గొలుసు, ఎర్ర పెన్సిలు దిగాయి. ప్రహ్లాదరావు గారు తొట్టిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, "ఉప్పన. మొదటి లక్షణం నిర్ధారణ అయినది," అన్నారు. చేపలు చూసి రెండో లక్షణం, పగడం చూసి మూడో లక్షణం ఖాయం చేశారు. "అలలు?" అని అడిగేలోపే బకెట్టులోని నీళ్లు భడాలున వచ్చి పడ్డాయి. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, కళ్లజోడు తుడుచుకున్నారు.

"పాటు," అన్నారు, నీళ్లు దిగుతుంటే. "పోటు," అన్నారు, లేస్తుంటే. ఆయన ఓబులేసు వైపు తిరిగారు. "ఓబులేసు గారూ, సదరు సముద్రము యథార్థమైన సముద్రమే. ఇన్నాళ్లూ జిల్లా యంత్రాంగానికి ఎందుకు తెలియపరచలేదు?"

"సార్, నాకు కరెంటు..."

"అది పరిశీలనలో ఉంటుంది."

సర్వేయరు అద్దం మీద పోటు గీత ఎర్ర పెన్సిలుతో గీశాడు. తొట్టి చుట్టూ గొలుసు పెట్టి జిల్లా తీరరేఖ పొడవు కొలిచాడు. ఆ నెల కాన్ఫరెన్సులో ఎర్రబండ తీరప్రగతి నూటికి నూరు శాతం. తనకున్న తీరాన్నంతా అలల దాకా సర్వే చేసిన జిల్లా మరొకటి లేదు మరి. రాజధానిలో పెద్దసారు పక్క జిల్లా కొబ్బరిచెట్ల అధికారిని, "ప్రహ్లాదరావును చూసి నేర్చుకోండి," అన్నాడు.

అక్కడ ఆగితే కథ లేదు. తీరం ఉన్నాక తీరానికి కావలసినవన్నీ ఉండాలి కదా.

ముందుగా గజఈతగాడు వచ్చాడు. పేరు ఎర్రిస్వామి. నిన్నటిదాకా ఆఫీసులో అటెండరు, ఈత రాదు, బావిలోకి తొంగిచూడాలన్నా భయం. ఎర్ర బనియను, ఈల ఇచ్చి హాల్లో స్టూలు మీద కూర్చోబెట్టారు. సుంకమ్మ మేత వేయడానికి తొట్టిలోకి చేయి పెట్టగానే ఈల ఊదాడు.

"అక్కా, లోతుకు పోవద్దు. నా ఉద్యోగం పోతాది."

"మోచేతి లోతు కూడా లేదు గదరా సామీ!"

"లోతు ఎంతుండాదో నాకు చెప్పలేదక్కా. ఊదమన్నారు, ఊదినా."

తర్వాత వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో తీరం వెంబడి చేపలు పట్టడం, అమ్మడం, వండడం నేరం. సుంకమ్మ వండిన చేపల పులుసును ఒక ఇన్‌స్పెక్టరు స్వాధీనం చేసుకుని, పరీక్ష నిమిత్తం మధ్యాహ్నం అన్నంలోకి తీసుకుపోయాడు. అదే చేత్తో, వేట ఆగినందుకు మత్స్యకారులకు భృతి ప్రకటించారు. ఆ వారంలో వీధి వీధంతా మత్స్యకారులైపోయింది. పైయింటి రామసుబ్బయ్య పంతులు నియమంగా ఉల్లిపాయ కూడా ముట్టనివాడు. ఆయన మొహమాటపడుతూ వచ్చి, "ఏం లేదు ఓబులేసూ, మీ తీరంలో నాకు పడవ ఉండేదని ఒక్కమాట చెప్పాల," అన్నాడు.

దీపస్తంభం బాల్కనీలో కట్టారు. అది రాత్రంతా తిరుగుతుంటే ఎదురింటివాళ్లు కర్టెన్లు కొనుక్కున్నారు. తీరోత్సవం నాడు హాల్లో రెండు బస్తాల ఇసుక పోసి, బెలూన్లు కట్టి, మొక్కజొన్న కంకులు కాల్చారు. వచ్చినవాళ్లంతా తొట్టి ముందు నిలబడి ఫోటోలు దిగారు. ఒకాయన ఎలాగూ సముద్రమే కదా అనుకుని అలల బకెట్టులో నాన్నగారి అస్థికలు కలపబోతే సుంకమ్మ చీపురు తీసుకుంది.

ప్రతి కార్యక్రమంలోనూ ఓబులేసు చేతులు కట్టుకుని ప్రహ్లాదరావు గారి వెనకే తిరిగేవాడు. "సార్, ఆ ఆస్పత్రి లైను..."

"అది సంబంధిత శాఖ దృష్టికి తీసుకుపోబడినది."

సంబంధిత శాఖ మద్దిలేటి. అతను అక్కడే మొక్కజొన్న కంకి తింటున్నాడు. "నేనేం చేసేదప్పా? సముద్రానికి కరెంటు ఇమ్మని మా రూల్సులో యాడా లేదు. దీపస్తంభానికిచ్చినా గదా," అన్నాడు. నిజమే. దీపస్తంభానికి కోతలేని లైను వచ్చింది. దాన్ని ఇంట్లో వాడుకుంటే నేరం. కోత వచ్చినప్పుడు ఇల్లు చీకటైపోయి, పగడం ముడుచుకుపోయి, బాల్కనీలో దీపం మాత్రం లేని ఓడలకు దారి చూపుతూ ఉండేది. ఓబులేసుకు ఒక్కోసారి దాని మీద రాయి వేయాలనిపించేది. ప్రభుత్వోద్యోగి కాబట్టి వేయలేదు.

అప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది.

పుట్టింది ఎక్కడో అయిదారు వందల కిలోమీటర్ల అవతల. అది తుఫానుగా మారగానే తీరమున్న జిల్లాలన్నిటికీ ఒకే ఆదేశం వచ్చింది. తీరవాసులను ఖాళీ చేయించాలి. తుఫాను తీరం దాటేదాకా తీరప్రాంతంలో కరెంటు ఆపేయాలి. ఈసారి జాబితాలో ఎర్రబండ కూడా ఉంది. ప్రహ్లాదరావు గారికి ఇదొక గౌరవంగానే తోచింది.

పొద్దున మైకు వచ్చేసరికి ఆకాశంలో మబ్బుతునక లేదు. ఎండకు తారు రోడ్డు మెత్తబడుతోంది. ఆ ఎండలో వీధి జనాన్నంతా లారీలెక్కించి కళ్యాణమండపానికి తోలారు. పులిహోర పొట్లాలు, దుప్పట్లు ఇచ్చారు. ఆ ఎండల్లో దుప్పట్లు చూసి కొందరు నవ్వారు గానీ, ఎవరూ వదులుకోలేదు. రామసుబ్బయ్య పంతులు మత్స్యకారుడు కాబట్టి రెండు తీసుకున్నాడు.

ఓబులేసు పులిహోర పొట్లం విప్పలేదు. కరెంటు పోయి ఎంతసేపైందో లెక్కపెట్టుకుంటున్నాడు. బ్యాటరీలు ఈపాటికి అయిపోయి ఉంటాయి. బకెట్టు సగంలో ఆగిపోయి ఉంటుంది. నీళ్లు కదలవు. ఎన్నేళ్లుగానో పెంచింది ఒక్క మధ్యాహ్నంలో తెల్లబడి చచ్చిపోతుంది. ఏడుపొచ్చింది అతనికి. అంత మందిలో పెద్దమనిషి ఏడవకూడదని మొహం గోడకు తిప్పుకున్నాడు.

సుంకమ్మ చూసింది. "ఏమయ్యా, ఇట్ల కూకుంటే ఎర్రోళ్లు బతుకుతారా? లెయ్," అంది.

ఇద్దరూ మండపం వెనక గోడ దూకారు. సుంకమ్మ గోడ దూకడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఇంటి గుమ్మంలో ఎర్రిస్వామి ఎర్ర బనియను వేసుకుని నిలబడి ఈల నోట్లో పెట్టుకున్నాడు.

"ఊదినావంటే ఆ ఈల మింగిస్తా," అంది సుంకమ్మ. అతను ఈల జేబులో పెట్టుకున్నాడు.

లోపల చేపలు రెండూ నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఆయాసపడుతున్నాయి. పగడం పిడికిలిలా బిగుసుకుపోయింది. సుంకమ్మ వంటింట్లోంచి ఇత్తడి చెంబు తెచ్చి, తొట్టిలోని నీళ్లు ముంచి, ఎత్తి, ధారగా పోసింది. మళ్లీ ముంచింది, మళ్లీ పోసింది. నీళ్లలో బుడగలు లేచాయి. కాసేపటికి చేప ఒకటి నోరు మూసి కిందికి దిగింది.

"ఇట్ల ఎంతసేపు పోస్తావే?" అన్నాడు ఓబులేసు.

"కరెంటొచ్చేదాకా. నువ్వు పో, యాడ అడగాల్నో అడుగు పో. ఎర్రిస్వామీ, ఆ గుమ్మం వదిలి ఇంకో చెంబు పట్టు. ప్రాణాలు కాపాడేదానికే గదా నిన్ను పెట్టింది!"

ఎర్రిస్వామి ఒక్క క్షణం ఆలోచించాడు. ఈ ఉద్యోగంలో చేరాక తనకు అర్థమైన మొదటి మాట అదే అన్నట్టు గబగబా చెంబు అందుకున్నాడు.

ఓబులేసు కలెక్టరాఫీసుకు పరుగెత్తాడు. తుఫాను కంట్రోలు రూములో ప్రహ్లాదరావు గారు వానకోటు వేసుకుని చెమటలు కక్కుతున్నారు. ఎదురుగా మద్దిలేటి, చేతిలో ఫోను. మిగతా జిల్లాలన్నిట్లో తుఫాను తీరం దాటేసింది, అక్కడ కరెంటు ఇచ్చేశారు. రాజధాని నుంచి పది నిమిషాలకోసారి ఫోను: "ఎర్రబండ! మీ దగ్గర ఇంకా ఎందుకు దాటలేదు? ఎందుకీ జాప్యం?"

"ఓబులేసు గారూ," అన్నారు ప్రహ్లాదరావు గారు దీనంగా, "గాలి లేదు, చినుకు లేదు. దాటినదని నేనెట్లా ధ్రువీకరించేది? దాటనిదే కరెంటు ఇవ్వరాదు. రెండు దినములైనా వేచి చూడవలె."

రెండు రోజులు! ఓబులేసు సర్వీసంతా ఒక్క అబద్ధం చెప్పలేదు. భూగర్భంలో నీళ్లు లేకపోతే లేవనే చెప్పాడు. ఇప్పుడు తడి చెంబుతో నిలబడిన సుంకమ్మ అతని కళ్లలో మెదిలింది.

"దాటింది సార్," అన్నాడు.

"ఏమి?"

"తుఫాను తీరం దాటింది. నా కండ్లతో చూసినా. మా హాల్లో దాటి వంటింట్లోకి పోయి, దొడ్డివాకిట్లో బలహీనపడింది."

ప్రహ్లాదరావు గారి మొహం వికసించి, మరుక్షణంలో వాడిపోయింది. "నష్టం? దాటినదంటే నష్టం ఉండవలె. నష్టం లేకుండా తుఫాను దాటినట్లు ఎక్కడా ఆనవాయితీ లేదు. నన్ను సంజాయిషీ అడుగుతారు."

ఓబులేసు ఇక వెనక్కి తగ్గలేదు. "సముద్రం పోయింది సార్."

"అంటే... కొట్టుకుపోయినదా?"

"కొట్టుకుపోయింది."

"ఎక్కడికి?"

"సముద్రంలోకి సార్."

ప్రహ్లాదరావు గారు వానకోటు టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నారు. ఆ తర్వాత ఫోనందుకున్న మనిషి వేరు. "సార్, ఎర్రబండ. తుఫాను దాటినది. తీరరేఖ సంపూర్ణంగా, నూటికి నూరు శాతం నష్టపోయాం సార్. ఏ జిల్లాకూ ఇంత నష్టం లేదు. ప్రాణనష్టం మాత్రం నివారించగలిగాం." అవతల నుంచి మెచ్చుకోలు వినపడింది. మద్దిలేటి ఓబులేసును ఎగాదిగా చూసి, ఫోనులో లైను వేయమని చెప్పాడు.

ఓబులేసు ఇల్లు చేరేసరికి మోటార్లు తిరుగుతున్నాయి. సుంకమ్మ, ఎర్రిస్వామి నేల మీద చతికిలబడి ఉన్నారు, ఇద్దరి చేతులూ ఉప్పునీటికి నానిపోయి ముడతలు పడ్డాయి. పగడం కొసన ఒక్క వేలు విచ్చుకుంది. ఓబులేసు ఈసారి మొహం తిప్పుకోకుండా ఏడ్చాడు.

సముద్రం పోయింది కాబట్టి దీపస్తంభం పీకేశారు. ఎర్రిస్వామిని ఆఫీసుకు పిలిపించుకున్నారు. మత్స్యకారులందరికీ ఆఖరి భృతి ఇచ్చి సాగనంపారు. ప్రహ్లాదరావు గారికి తుఫానులో చూపిన ధైర్యానికి గాను నిజమైన సముద్రమున్న జిల్లాకు పదోన్నతి వచ్చింది. వెళ్లేముందు ఓబులేసు ఇంటికొచ్చి, గుమ్మంలోనే తలవంచి రెండు నిమిషాలు మౌనం పాటించారు. లోపలి నుంచి భడాలున అల విరిగిన చప్పుడొచ్చినా తల ఎత్తలేదు. అంతటి నియమం కలవాడు.

మర్నాడు మద్దిలేటి నిచ్చెన, మనుషులు, తీగ తీసుకుని వచ్చాడు. వీధి వెనక ఆస్పత్రి లైను నుంచి తీగ లాగి ఓబులేసు ఇంటికి కలిపించాడు. ఓబులేసు నోరు తెరుచుకుని చూశాడు.

"ఇన్ని దినాలు కాళ్లావేళ్లా పడితే ఇయ్యలేదు గదా సార్? ఇప్పుడెట్ల ఇచ్చినారు?"

"బతికుండే సముద్రానికి ఇచ్చే రూలు లేదప్పా. తుఫానులో పోయినదానికి ఉండాది. పోయినది మళ్లా యథాస్థితికి వచ్చేదాకా ఆ చోట కరెంటు ఒక్క నిమిషం గూడా ఆపగూడదని సహాయక చర్యల కింద రాసినారు."

అప్పటి నుంచి నెలకోసారి మద్దిలేటి విచారణకు వస్తాడు. సుంకమ్మ కాఫీ ఇస్తుంది. తొట్టి పక్కనే కుర్చీ వేసుకుని, ఎర్ర చేపలు రెండూ తన భుజం వెనక తిరుగుతుండగా, అతను గంభీరంగా అడుగుతాడు.

"ఏమప్పా ఓబులేసూ, సముద్రమేమన్నా తిరిగొచ్చిందా?"

"ఇంకా రాలేదు సార్."

మద్దిలేటి పగడం వంక తనివితీరా చూసి, కాఫీ ఆఖరి గుక్క తాగి లేస్తాడు.

"రాకుండా చూసుకో. వచ్చిందంటే కరెంటు పోతాది."